కథకి ముందు ప్లాన్ ఎంత కావాలి? మీ ఆగిపోయిన కథల్ని అడగండి

మీరు సగంలో వదిలేసిన కథలన్నీ ఒకసారి బయటికి తీయండి. ఫోన్ నోట్స్‌లో ఉన్నవి, పాత డైరీ వెనక పేజీల్లో ఉన్నవి, మీకు మీరే వాట్సాప్‌లో పంపుకుని మర్చిపోయినవి, అన్నీ. ముందు ప్లాన్ వేసుకుని రాయాలా, లేక కూర్చుని మొదలుపెట్టేయాలా అని ఎవర్ని అడిగినా వాళ్లకి కుదిరిన పద్ధతే చెబుతారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు గానీ, మీకు ఏది కుదురుతుందో ఆ ఆగిపోయిన కథలకే బాగా తెలుసు.

వాటిలో చూడాల్సింది ఎక్కడ ఆగాయన్నది. నాలుగైదు పేజీలు హుషారుగా నడిచి, ఆపైన ఏం జరగాలో తెలీక ఆగినవి ఒక రకం. దాదాపు పూర్తయి ముగింపు దగ్గర నెలల తరబడి నానుతున్నవి ఇంకో రకం. పాత్రల పేర్లు, చిన్నప్పటి సంగతులు, ఊరి మ్యాపుతో సహా నోట్స్ బోలెడు ఉండి అసలు కథ ఒక్క పేరా కూడా లేనివి మూడో రకం. ఇవి కాక పూర్తయి, చదివినవాళ్లు 'బావుంది' అని ఊరుకున్నవి కూడా ఉంటాయి, వాటి జబ్బు వేరు, దాని దగ్గరికి తర్వాత వద్దాం. నా దగ్గర మొదటి రకం పదకొండు, మూడో రకం రెండు ఉన్నాయి. రెండో రకం లేనే లేదు, ఎందుకంటే నేను ముగింపు దాకా వెళ్తే కదా.

ఒకే కథ, అన్ని పద్ధతులకీ

ఏ పద్ధతినైనా విడిగా వర్ణిస్తే గొప్పగానే కనిపిస్తుంది. అందుకని ఒకే కథని అన్నిటిలోనూ పెట్టి చూద్దాం. తండ్రి పోయి ఏడాది. సంవత్సరీకానికి ఇద్దరు కొడుకులు ఊరికొచ్చారు, పెద్దోడు హైదరాబాద్ నుంచి, చిన్నోడు డల్లాస్ నుంచి. ఇంట్లో తల్లి ఒక్కతే ఉంటోంది. తండ్రి సొంత సంపాదనతో కొన్న రెండెకరాలూ అమ్మేద్దామని అన్నదమ్ములు అనుకుంటారు, తీరా చూస్తే పట్టాదారు పాస్‌బుక్ కనపడదు. పోటీకి పంపాల్సిన కథ, 1500 మాటలు దాటకూడదు. మొదలుపెట్టినప్పుడు నా చేతిలో ఉన్నది ఇంతే.

ప్లాన్ లేకుండా దూకేయడం

మొదటిసారి ఏమీ ఆలోచించకుండా రాసేశాను. పెద్దోడు రాత్రి బస్సెక్కడంతో మొదలైంది. పక్కసీటాయన గురక, దాబా దగ్గర టీ, అద్దం సరిగ్గా మూసుకోక వచ్చే చలిగాలి, వాడికి చిన్నప్పుడు నాన్నతో చేసిన ఇంకో బస్సు ప్రయాణం గుర్తుకురావడం... ఆరో పేజీకి గానీ ఇంటి గుమ్మం తొక్కలేదు. 1500 మాటల కథలో అప్పటికే వెయ్యి అయిపోయాయి, పాస్‌బుక్ ఊసే లేదు. ఇక అక్కడ ఆగింది.

కానీ ఆ ఆరో పేజీలో ఒకటి జరిగింది. కోడలు బియ్యం కొలవడానికి లేస్తే అత్తగారు 'నువ్వు కూర్చోమ్మా, నేను తీస్తాలే' అని ఆ అమ్మాయిని డ్రమ్ము దగ్గరికి రానివ్వలేదు. ఎందుకు రానివ్వలేదో రాసేటప్పుడు నాకు తెలీదు, చెయ్యి అలా పోయింది, అంతే. ఈ పద్ధతిలో దొరికే లాభం ఇదే, కూర్చుని ఎంత ఆలోచించినా తట్టని విషయాలు వాక్యం రాస్తుండగా వచ్చేస్తాయి. నష్టం కూడా కనపడుతూనే ఉంది, ఆ ఒక్క లైను కోసం ఆరు పేజీల బస్సు.

రాసేవాళ్లలో ముందే ప్లాన్ గీసుకునే ఆర్కిటెక్టులు, విత్తనం వేసి ఏం మొలుస్తుందో చూసే తోటమాలులు అని రెండు రకాలుంటారని 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' కథ రాసిన జార్జ్ ఆర్ ఆర్ మార్టిన్ అంటుంటాడు, తనని తాను తోటమాలిననే చెప్పుకుంటాడు. ఆయన పెద్ద నవలామాలికలో ఐదో భాగం 2011లో వచ్చింది, ఆరోదాని కోసం పాఠకులు పదేళ్లకు పైగా ఎదురుచూశారు. తోట అంత పెద్దదైతే పాదులన్నీ గుర్తుపెట్టుకోవడం ఎవరికైనా కష్టమే. మన 1500 మాటలకి ఆ ప్రమాదం లేదు, పోతే రెండు సాయంత్రాలు పోతాయి.

ప్లాన్ అక్కర్లేదనడానికి మనవాళ్లు తెచ్చే ఉదాహరణ ఒకటుంది, విశ్వనాథ సత్యనారాయణ వేయిపడగలు. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పెట్టిన నవలల పోటీ కోసం ఆయన చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు రాస్తూ 29 రోజుల్లో పూర్తి చేశారంటారు. సరే, ఆయన కాగితం మీద పటం గీసుకోకపోయి ఉండొచ్చు, కానీ ఆ ఊరు, ఆ మనుషులు, వెనకున్న ఆ చదువు అప్పటికే మనసులో కాపురం ఉన్నాయి. మన తలలో అంత సరుకు లేనప్పుడు కాగితం దగ్గర కాస్త అప్పు చేయక తప్పదు.

ముగింపు ముందు తేల్చుకోవడం

కథ ఎక్కడ తేలుతుందో తెలిశాకే కలం పట్టాలని అమెరికన్ రచయిత ఎడ్గార్ అలన్ పో 1846లో ఒక వ్యాసంలో వాదించాడు. ప్లాన్ అంటే భయపడేవాళ్లకి ఇది అన్నిటికంటే చవక పద్ధతి, ఒక్క ప్రశ్నకి జవాబు రాసుకుంటే చాలు. నా కథకి ఆ ప్రశ్న: పాస్‌బుక్ ఎక్కడుంది? కాగితం మీద నాలుగు రాశాను. తండ్రి ఎవరి దగ్గరో తాకట్టు పెట్టాడు. చిన్నోడు ఎప్పుడో తీసుకెళ్లి మర్చిపోయాడు. ఇల్లు సర్దుతుంటే పాతకాగితాలతో పాటు పోయింది. తల్లి దాచింది. నాలుగోది రాస్తుండగానే బియ్యం డ్రమ్ము గుర్తొచ్చింది. ఒక్కసారిగా ఆ పాత లైనుకి అర్థం వచ్చేసింది, ఆవిడ కోడల్ని ఎందుకు కూర్చోమందో నాకూ అప్పుడే తెలిసింది.

అది తేలిన మరుక్షణం బస్సు మొత్తం ఎగిరిపోయింది. కథ ఇంట్లో, వంటింట్లో, బియ్యం కొలిచే దగ్గరే మొదలవ్వాలి. ఆవిడ ఎందుకు దాచిందన్నది కూడా దానంతటదే వచ్చింది. పొలం పోతే ఊళ్లో ఇల్లెందుకు అంటారు, ఇల్లు పోతే ఆవిడ ఆరు నెలలు ఒకడి దగ్గర, ఆరు నెలలు ఇంకొకడి దగ్గర. రెండో రకం వాళ్లు, అంటే ముగింపు దగ్గర నానేవాళ్లు, ఇంకేమీ చేయకపోయినా ఇదొక్కటి చేస్తే చాలు.

దీనిలో ఒక గొయ్యి ఉంది. ముగింపు మరీ ముద్దొస్తే కథంతా దాన్ని దాచడానికే పనిచేస్తుంది, మనం కొసమెరుపు కథలంటాం కదా, ఆ చివరి లైను తెలిశాక రెండోసారి చదవాలనిపించని కథలు. దానికి నేను చేసే పరీక్ష ఏంటంటే, ముగింపుని మొదటి పేరాలోనే పాఠకుడికి చెప్పేస్తే కథలో ఇంకా ఏమైనా మిగులుతుందా అని చూస్తాను. పాస్‌బుక్ డ్రమ్ములో ఉందని ముందే చెప్పినా, కొడుకులు ఇల్లంతా వెతుకుతుంటే ఆవిడ అన్నం వడ్డిస్తూ కూర్చోవడం ఇంకా బాగుంటుంది, అనిపించింది. అప్పుడు ధైర్యం వచ్చింది.

వన్‌లైన్ ఆర్డర్

ఈ మాట సినిమావాళ్లది. కథా చర్చల్లో ముందు పాయింట్ అనుకుంటారు, తర్వాత ఒక్కో సీనుకి ఒక్కో లైను చొప్పున వరసగా రాసుకుంటారు, అదే వన్‌లైన్ ఆర్డర్, ఆ పైనే ట్రీట్‌మెంట్ (సీన్లని విడమర్చి రాయడం), డైలాగులు, చివరికి బౌండ్ స్క్రిప్ట్ (అన్నీ కలిపిన పూర్తి స్క్రిప్ట్). కథలు రాసేవాళ్లు దీన్ని చిన్నచూపు చూస్తారు గానీ, నన్నడిగితే మొదటి రకం రోగులకి ఇంతకంటే మంచి మందు లేదు. కథకి ఐదు నుంచి తొమ్మిది లైన్లు, ఒక పేజీ, ఒక గంట. లైనులో ఎవరు ఏం చేశారు, దానివల్ల ఏం మారిందన్నది ఉండాలి. 'అమ్మ బాధ' అని రాస్తే అది సీను కాదు, 'చిన్నోడు డ్రమ్ము మీద కూర్చుని ఫోన్ మాట్లాడుతుంటే అమ్మ లేవమంటుంది' అని రాస్తే సీను.

నాకు తొమ్మిది లైన్లు వచ్చాయి. వరసగా చదివితే మూడింటిలో అన్నదమ్ములు ఒకే గొడవ మూడు గదుల్లో పడుతున్నారు. పేజీల్లో రాసి ఉంటే ఇది నాకు కనపడేది కాదు, ఒక్కో గొడవలో ఒక్కో మంచి డైలాగ్ ఉండేది, ఏదీ తీసేయబుద్ధయ్యేది కాదు. లైన్లుగా ఉన్నప్పుడు కొట్టేయడానికి చెయ్యి ఆడుతుంది.

సౌత్ పార్క్ అనే అమెరికన్ కార్టూన్ సీరియల్ రాసే ట్రే పార్కర్, మాట్ స్టోన్ చెప్పిన చిట్కా ఒకటి ఇక్కడ బాగా పనికొస్తుంది. రెండు లైన్ల మధ్య 'కాబట్టి' గానీ 'కానీ' గానీ పడుతుందేమో చూడాలి. 'ఆ తర్వాత' మాత్రమే పడుతుంటే ఆ రెంటికీ సంబంధం లేదని అర్థం. పాస్‌బుక్ కనపడలేదు, కాబట్టి బీరువా తీశారు, కానీ అందులో నాన్న పాత అప్పుల చిట్టా దొరికింది. ఇది నడుస్తుంది. పాస్‌బుక్ కనపడలేదు, ఆ తర్వాత చిన్నోడు చెరువుగట్టుకి వెళ్లాడు. ఇది నడవదు, చెరువుగట్టు మీద నాకెంత ప్రేమున్నా సరే.

ఈ పేజీ వల్ల ఇంకో పెద్ద లాభం కూడా జరిగింది, నిజానికి ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. ఏడో లైను దగ్గర 'పాస్‌బుక్ లేదు కాబట్టి అమ్మకం ఆగిపోయింది' అని రాసి, ఆగి, ఇది నిజంగా ఇలాగే జరుగుతుందా అని ఆలోచించాను. జరగదు. పాస్‌బుక్ పోతే నకలుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అంతకంటే ముఖ్యంగా, తండ్రి స్వార్జితం, వీలునామా రాయకుండా పోయాడు, అలాంటప్పుడు 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకి కూడా పిల్లలతో సమానంగా వాటా వస్తుంది. అంటే ఈ ఇంట్లో తల్లికి మూడోవంతు. ఆవిడ సంతకం లేకుండా ఆ పొలం మొత్తంగా అమ్మలేరు. (ఆడపిల్ల కూడా ఉంటే ఆమెకీ వాటా ఉంటుంది, నా కథలో లేదు, ఉంటే ఇంకో 500 మాటలు పెరిగేవి.)

ముందు నీరసం వచ్చింది, కథ పోయిందనుకున్నాను. గంట తర్వాత అర్థమైంది, అప్పుడే కథ దొరికిందని. ఆవిడ పుస్తకం దాచి ఏడాదిగా భయపడుతోంది, తాళం మాత్రం మొదట్నుంచీ ఆవిడ సంతకంలోనే ఉంది, ఆ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. పెద్దోడికి తెలుసు, చెప్పలేదు. ఇదంతా ఒక పేజీ కాగితం మీద తేలింది. పూర్తిగా రాసి పంపాక ఏ రిటైరైన తాసిల్దారుగారో చదివి నవ్వుకునే దాకా తెలిసేది కాదు.

ఇదే రకానికి చెందిన కార్డుల పద్ధతి కూడా ఉంది, సీనుకో స్లిప్పు. 'లోలిత' రాసిన నబొకోవ్ తన నవలల్ని ఇండెక్స్ కార్డుల మీద రాసి ఇష్టమొచ్చిన వరసలో పేర్చుకునేవాడు. కాలంలో వెనక్కీ ముందుకీ వెళ్లే కథైతే స్లిప్పులు మంచివి, వరసగా నడిచే కథకి లైన్ల పేజీయే చాలు. ఫ్యాన్ కింద మాత్రం పరచకండి.

ఎవరికి ఏం తెలుసు

రహస్యం ఉన్న ఏ కథకైనా, డిటెక్టివ్ కథ కానక్కర్లేదు, కుటుంబ కథైనా సరే, ఒక పట్టిక గీసుకోండి. అడ్డంగా పాత్రలు, నిలువుగా సీన్లు, ఒక్కో గడిలో ఆ సమయానికి ఆ మనిషికి ఏం తెలుసో రెండు మాటలు. జోసెఫ్ హెల్లర్ కాచ్-22 అనే నవల రాసేటప్పుడు పాత్రల్ని ఒకవైపు, కాలాన్ని ఒకవైపు పెట్టి పెద్ద కాగితం మీద గడులు గీసుకున్నాడు. నాకు నాలుగే పాత్రలు, పావుగంట పట్టింది. పెద్దోడు రెండో సీన్లో అన్న ఒక మాట, వాడికి నాలుగో సీన్లో గానీ తెలిసే అవకాశం లేనిదని అందులోనే దొరికిపోయింది. గూగుల్ షీట్స్‌లో గీసినా ఒకటే, నోట్‌బుక్‌లో గీసినా ఒకటే.

చట్రాలు

మూడంకాల నిర్మాణం గురించి అందరూ చెబుతారు. సిడ్ ఫీల్డ్ 1979లో స్క్రీన్‌ప్లే మీద రాసిన పుస్తకంలో దాన్ని పేజీ లెక్కలతో సహా పెట్టాడు, మొదలుకి పావు వంతు, మధ్యకి సగం, ముగింపుకి పావు వంతు. మన సినిమాకి మధ్యలో ఇంటర్వెల్ ఉంటుంది కాబట్టి మనవాళ్లకి సహజంగా రెండు ముక్కలుగా ఆలోచించే అలవాటు, దాని ప్రభావం కథల మీద కూడా పడి 1500 మాటల కథలో కూడా 750 దగ్గర ఇంటర్వెల్ బ్యాంగ్ పెట్టేవాళ్లని చూశాను, వాళ్లలో నేనూ ఉన్నాను.

దీనికంటే నాకు నచ్చినది పాత నాటకశాస్త్రంలోని పంచసంధులు: ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శ, నిర్వహణం. పేర్లు చూసి పరీక్ష పాఠం అనుకోకండి. బీజం పడటం, అది కొంచెం కనపడి కొంచెం మరుగవడం, దొరికినట్టే దొరికి చేజారడం, ఇక అయ్యేలా ఉన్నప్పుడు కోపం వల్లో ఆశ వల్లో అడ్డం రావడం, చివరికి అన్ని పోగులూ ఒకచోటికి చేరడం. వీటిలో మూడోదే ఎక్కువ కథల్లో ఉండదు. నా వరసలోనూ లేదు, వెతుకుతున్నారు, దొరకలేదు, మళ్లీ వెతుకుతున్నారు, అంతే. దొరికినట్టే దొరికే సీను కావాలని అప్పుడు తెలిసింది, చిన్నోడు డ్రమ్ము మీద కూర్చుని ఫోన్ మాట్లాడటం ఆరో లైనులో ఉండేది, దాన్ని మధ్యకి తెచ్చాను.

అయితే చట్రంతో మొదలుపెట్టకండి. గడులు నింపే ఫారంలా మారిపోతుంది కథ. రాసిన వరసని దాని పక్కన పెట్టి, ఏది లేదో చూసుకోవడానికి వాడండి.

నవల అయితే, సీరియల్ అయితే

నవలకి స్నోఫ్లేక్ అనే పద్ధతి బాగా తిరుగుతోంది. ఫిజిక్స్ చదివి నవలలు రాసిన రాండీ ఇంగర్‌మన్సన్‌ది. ముందు కథని ఒక్క వాక్యంలో చెప్పాలి, తర్వాత దాన్ని ఐదు వాక్యాల పేరా చేయాలి, తర్వాత ఒక్కో పాత్రకి ఒక పేజీ, అలా పెంచుకుంటూ మొత్తం పది మెట్లు. మొదటి రెండు మెట్లూ ఎవరైనా చేయొచ్చు, చేయాలి కూడా, ఒక్క వాక్యంలో చెప్పలేని నవల మొదలుపెట్టి 80 పేజీల దగ్గర దిక్కులు చూసే బాధ తప్పుతుంది. మిగతా ఎనిమిదీ మూడో రకం వాళ్లకి విషం. నోట్స్ రాయడంలోనే రాసిన తృప్తి వచ్చేసి, అసలు పేజీ దగ్గరికి వచ్చేసరికి ఆకలి చచ్చిపోతుంది.

సీరియల్ వేరే జంతువు. ప్రతిలిపి లాంటి యాప్‌లో భాగాలుగా పెడుతున్నా, వారపత్రికకి రాస్తున్నా, ఒకసారి పాఠకులు చదివేసిన భాగాన్ని వెనక్కి తీసుకోవడం కుదరదు, మధ్యలో పాఠకులు ఇంకో పాత్రని ఇష్టపడటం మొదలుపెడతారు. ఇక్కడ పూర్తి ప్లాన్ విరిగిపోతుంది, ప్లాన్ లేకపోతే మీరు విరిగిపోతారు. దీనికి డికెన్స్ చేసిన పని చూడండి. నెలనెలా భాగాలుగా రాసే ఆయన, 1846 ప్రాంతం నుంచి ప్రతి భాగానికీ ఒక కాగితం తీసుకుని, అడ్డంగా తిప్పి, రెండు సగాలు చేసేవాడు. ఎడమవైపు తనకి తానే ప్రశ్నలు, ఫలానావాణ్ణి ఇప్పుడు తేవాలా, ఆ విషయం బయటపెట్టాలా అని, పక్కన జవాబులు, అవును, వద్దు, ఇంకా కాదు. కుడివైపు ఆ నెల అధ్యాయాల్లో ఏముంటుందో. ఆ 'ఇంకా కాదు' అన్నదే సీరియల్ రాసేవాళ్లకి ప్రాణం. నేనైతే ముగింపు ఒక్కటి గట్టిగా తేల్చుకుని, వచ్చే మూడు భాగాలకి మాత్రం ఇలాంటి కాగితాలు పెట్టుకోమంటాను, అంతకుమించి రాసుకున్నది ఎలాగూ మారిపోతుంది.

మరి ఏది తీసుకోవాలి

నాలుగైదు పేజీల దగ్గర ఆగిపోయేవాళ్లు వన్‌లైన్ ఆర్డర్ తీసుకోండి, పేజీ దాటొద్దు. ముగింపు దగ్గర నానేవాళ్లు చివరి సీను ముందే రాసి పెట్టుకోండి, చెత్తగా ఉన్నా పర్వాలేదు, తర్వాత మార్చుకోవచ్చు. నోట్స్ రోగులకి మందు చేదుగా ఉంటుంది, నోట్‌బుక్ మూసి, ఫోన్‌లో 20 నిమిషాలు అలారం పెట్టుకుని, ఏ ప్లానూ చూడకుండా ఒక సీను రాయాలి, రోజూ, వారం పాటు. పెద్ద మ్యాపు వేసుకున్నవాళ్లకి అది పారేసినట్టే అనిపించి టెన్షన్ వస్తుంది, కానీ ఆ మ్యాపులో పనికొచ్చేది ఏదుందో చెయ్యి దానంతటదే తీసుకుంటుంది.

వెయ్యి మాటల లోపు కథకి ఎవరైనా దూకేయొచ్చు. ఒక మనిషి గొంతు మీదే నడిచే కథకి, అంటే 'నేను' అని ఎవరో వాగుతూ పోయే కథకి, వరస వేస్తే ఆ వాగుడులో ఉన్న అందం పోతుంది, దానికి ముగింపు ఒక్కటి తెలిస్తే చాలు. పోటీ గడువు దగ్గర పడినప్పుడు మాత్రం ఎంత తొందరున్నా లైన్ల పేజీకి గంట కేటాయించండి, గడువు ముందు రాత్రి మొత్తం తిరగరాయడం కంటే అది తక్కువ.

ఇక పూర్తయినా 'బావుంది' దగ్గర ఆగే కథలు. వీటికి ప్లాన్ లేక కాదు, ప్లాన్ అక్షరాలా అమలై ఇలా అవుతాయి. ప్రతి పాత్రా వరసలో రాసిన పని చేసేసి పక్కకి తప్పుకుంటుంది, ఎవరూ ఎదురుతిరగరు. ఈ జబ్బున్నవాళ్లు ముగింపుకి ముందు సీను దగ్గర ఆగి, వరస కాగితం దాచేసి, ఆ పాత్ర నిజంగా అలా చేస్తుందా అని ఒకసారి చూసుకోవాలి.

నాకు ఆ పని అనుకోకుండా జరిగింది. సంతకం సంగతి తెలిశాక తిరగరాసిన వరసలో చివరి మూడు లైన్లూ ఇలా ఉన్నాయి: పెద్దోడు నోరు జారి 'నీ సంతకం కూడా కావాలమ్మా' అంటాడు, తల్లి డ్రమ్ములోంచి పాస్‌బుక్ తీసి చేతిలో పెడుతుంది, కొడుకులు సిగ్గుపడతారు. మొదటిది రాశాను. రెండోది రాయబోతే ఆవిడ లేవలేదు. 'నా సంతకమా?' అని ఒకసారి అడిగి, చేట దగ్గరికి లాక్కుని రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. రెండు రోజులు బతిమాలాను. చివరికి కాగితం మీద ఎనిమిదో లైను కొట్టేసి పక్కన 'ఇవ్వదు' అని రాసుకున్నాను, దాంతో తొమ్మిదోది అవసరమే లేకుండా పోయింది. 1420 మాటలు వచ్చింది.